పద్మక్క పలక మీద తేలిన మచ్చ

ఇన్నేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. నా భర్తకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నానేమో.

కరీంనగర్‌లో చదువుకునే రోజుల్లో మా ల్యాబులో పద్మక్క పరిశోధన చేసేది. గోదావరిఖని బొగ్గుబాయి కార్మికుడి కూతురు. బాయిలోంచి తోడిపోసే నీళ్లలో దొరికిన ఒక బ్యాక్టీరియాలో ఏయే కొవ్వులున్నాయో తేల్చడం ఆమె పని. ఆ కొవ్వులను క్లోరోఫాంలోకి దింపి, తెల్లటి పూత ఉన్న గాజు పలక మీద చుక్క పెట్టి, పలక అంచును ద్రావకంలో నిలబెడితే, ఒక్కో కొవ్వు ఒక్కో ఎత్తుకు పాకి మచ్చగా తేలుతుంది. క్లోరోఫాం తీసి పోసే పని నాది. గాజు గొట్టమే వాడాలని, ప్లాస్టిక్‌దైతే అందులోది కరిగి కలుస్తుందని అక్క మొదటి రోజే చెప్పింది.

ఒకరోజు గొట్టాలు కడగడానికి బద్ధకమేసింది. ప్లాస్టిక్ డ్రాపర్‌తో కానిచ్చేశాను.

పలక మీద ఎవరూ ఎరగని మచ్చ తేలింది. కొత్త కొవ్వు దొరికిందని అక్క ఎగిరి గంతేసింది. వేములవాడకు పోయి మొక్కు చెల్లించుకొని వచ్చింది. ఆ ముఖం చూశాక డ్రాపర్ సంగతి దాచేశాను. మళ్లీ చేసి చూద్దామంది. మళ్లీ ప్లాస్టిక్ డ్రాపరే తీసుకున్నాను, ఈసారి తెలిసే. ఎందుకు? ఆమె సంతోషం పాడవుతుందనా, తిడుతుందనా? జాలి అని చాలాకాలం నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. కాదు, భయమే.

తర్వాత మా సారు ఆ బ్యాక్టీరియాను బయటి ల్యాబుకు పంపించారు. అక్కడ ఆ మచ్చ రాలేదు. లేనిది సృష్టించిందని అక్కను అందరి ముందూ నిలదీశారు. ఆ సాయంత్రం వరండాలో నన్ను అడిగింది.

"చెల్లే, నిజం చెప్పు. ప్లాస్టిక్‌ది ఏమన్న వాడినవా?"

"లేదక్కా. గాజుదే వాడిన."

"గట్లనా. అయితే నేనే యాడనో తప్పు జేసిన. నువ్వు పరేషాన్ కాకు."

తిట్టినా బాగుండేది. నన్నే ఓదార్చింది. ఆ నెలలోనే చదువు మానేసి వెళ్లిపోయింది. నేను లెక్చరర్‌నయ్యాను.

ఆమె ఇప్పటికీ తన చేతులనే అనుమానిస్తూ ఉంటుందా? నంబరు సంపాదించాను కానీ, రేపు ఆమెకు ఫోన్ చేస్తానో లేదో నాకే నమ్మకం లేదు. క్షమించమని మాత్రం అడగను, ఆ మొహం నాకు లేదు.

ప్లాస్టిక్ వాడింది నేనే, అక్కా. రెండుసార్లూ నేనే. నీ చేతుల్లో ఏ తప్పూ లేదు.