చెరువు కింది బడి నుంచి కాచిగూడ దాకా

ఇబ్రహీంపట్నం నుంచి కాచిగూడకు ఎద్దుబండి మీద పోవాలనుకునేవారు కోడి కూయగానే బయలుదేరాలి. మేము అలా బయలుదేరలేదు. మా ఆయన సైకిలును బండి వెనక కట్టడానికి తాడు వెతికి వెతికి అలసిపోయేసరికి తూర్పు తెల్లబడింది. ఆ తాడు ఆయన భుజం మీదే ఉంది. ఊరూరా బడులన్నీ తనిఖీ చేసే మనిషి తన భుజం తనిఖీ చేసుకోవడం మరిచాడు.

అది పోలీసు చర్య జరిగిన తరువాతి ఎండాకాలం. మిషన్ వాళ్ల పల్లె బడుల బాధ్యత మా ఆయనది. కొంగరకలాన్, కోహెడ దాకా సైకిలు మీదే తిరిగేవారు. నేను ఇబ్రహీంపట్నం చెరువు కట్ట కింది వాడలో బడి చెప్పేదాన్ని. మా ఎస్తేరు చంకబిడ్డగా ఉన్నప్పుడు వచ్చాం. ఇప్పుడది తన జడ తనే వేసుకుని, నా జడకు వంకలు పెడుతోంది. అన్నాళ్లున్న చోటును ఎందుకు విడిచిపెట్టామని అడిగేవారికి, మా కొత్త చోటికి రావాలనుకునేవారికి పనికొస్తుందని ఈ దారి సంగతులు రాస్తున్నాను.

కిందటేడు మా బడిపిల్ల సారమ్మ వీపు మీద స్పర్శ లేని మచ్చలు కనబడ్డాయి. మా ఆయనే ఆ పిల్లను రైల్లో తీసుకెళ్లి, నిజామాబాదు వైపు ఉన్న కుష్ఠు దవాఖానలో చేర్చి వచ్చారు. వచ్చిన నాటి నుంచి అన్నం ముందు ఊరికే కూర్చునేవారు. ఒకనాడు, "గాడ పిల్లలు మస్తుమంది ఉన్నరు. వాళ్లకు బడి లేదు. మనల్ని పిలుస్తున్నట్టే ఉంది" అన్నారు. ఎవరు పిలుస్తున్నారని నేను అడగలేదు. అడిగితే ప్రార్థన చేద్దామంటారు, ప్రార్థన చేస్తే పోవాల్సి వస్తుంది. చివరికి రెండూ జరిగాయి.

పోవడానికి నాకు కాళ్లు రాలేదు. కారణం నా బడి. మేము వెళ్తే దానికి పంతులు లేరు. కొత్తవారు దొరికేదాకా మూసి ఉంచమని పైనుంచి మాట వచ్చింది. అట్లా మూసిన పల్లె బడి మళ్లీ తెరుచుకోవడం నేనెన్నడూ చూడలేదు. పిల్లలు పసుల వెంట పోతారు, ఇక వెనక్కి రారు. బడిని నిలబెట్టగలిగింది ఒక్క రూతమ్మే. నా దగ్గరే ఓనమాలు దిద్ది, బోర్డింగులో ఏడో తరగతి దాకా చదివి, ఆ వాడకే కోడలై వచ్చిన పిల్ల. బడి చూసుకుంటావా అని అడిగితే తల వంచుకుంది. ఆమె అత్త లచ్చమ్మ మాత్రం తల వంచే మనిషి కాదు.

"నా కోడలు బడి జెప్తే కోతకు ఎవరు పోవాలె? నీ పలక పోతదా?" అని నా మొహం మీదే అడిగింది.

ఆదివారం ఆరాధన అయ్యాక పిల్లలకు బడి బందయిందని చెప్పాను. అందరం కావలసినంత ఏడ్చాం. వెళ్లేనాడు ఎవరూ లేచి రావద్దని ఒట్టు కూడా వేయించుకున్నాను.

ఇక్కడ మా బడి పద్ధతి ఒకటి చెప్పాలి. మాకు గంట లేదు. మునుపు వేపకొమ్మకు రైలుపట్టా ముక్క ఒకటి వేలాడేది. ఆ గడ్డురోజుల్లో పగలు రజాకార్ల భయం, చీకటి పడితే కమ్యూనిస్టు దళాల రాకపోకలు. ఎక్కడ ఇనుము మోగినా దాడి వచ్చిందని ఆడవాళ్లు పిల్లల్ని ఎత్తుకుని తుమ్మచెట్లలోకి పరుగెత్తేవారు. ఒకసారి నా గంటకే సగం వాడ ఖాళీ అయింది. ఆ రోజే పట్టా దించేశాం. దాని బదులు నేను పొద్దుపొడుపున కట్ట మలుపులో నిలబడి ప్రార్థన కీర్తన ఎత్తుకునేదాన్ని. మొదటి ఇంటి పిల్ల అందుకునేది, ఆ గొంతు విని పక్కింటి పిల్లవాడు. అట్లా ఇల్లిల్లూ దాటి పాట చివరి గుడిసె చేరేసరికి అందరూ పలకలతో బయటికి వచ్చేవారు. పాట వినబడితే రావాలి. మా బడికి ఉన్న నియమం అదొక్కటే.

సరే, బండి కదిలింది. తోలేది ఖాసిం భాయి. పోలీసు చర్య తరువాత ముస్లింల ఇళ్ల మీద దాడులు జరిగిన రోజుల్లో భార్యాపిల్లలతో మా బడిగదిలో తలదాచుకున్నవాడు. కిరాయి తీసుకోనని మొండికేస్తే, తీసుకోకపోతే నడిచి పోతానని నేను అంతకంటే మొండికేశాను. ఆయన ఎద్దులను అదిలించాడు. బండి కట్ట మలుపు తిరిగింది. చెరువు మీద అప్పుడే ఎరుపు పడుతోంది, చేపలవాళ్లు వలలు దులుపుతున్నారు. నేను మూటల మధ్య సర్దుకుని కూర్చుంటున్నాను.

"అమ్మా, నువ్వు పాడుతున్నవ్" అంది ఎస్తేరు.

నోరు మూసుకున్నాను గానీ అప్పటికే ఆలస్యమైంది. ఆ మలుపు, ఆ వెలుగు, నా నోరు కలిసి నన్ను అడగకుండానే పని చేసేశాయి. మొదటి ఇంట్లోంచి పాట అందుకున్నారు. తరువాత పక్కింట్లో. నేను ఆగినా పాట ఆగలేదు, వాడ చివరి దాకా పోయింది. తలలు దువ్వుకోని పిల్లలు పలకలు పట్టుకుని ఒక్కొక్కరే వచ్చి, బడి అరుగు మీద రోజూ కూర్చునే చోట్లలో కూర్చున్నారు. ఖాసిం భాయి బండి ఆపేశాడు.

"బడి లేదని చెప్పిన గదనే" అన్నాను మొదటి వరస పిల్లతో.

"పాట పాడినవ్ గద పంతులమ్మా. గందుకే వచ్చినం."

మా ఆయన వైపు చూశాను. "పిలిచింది నువ్వు. పొమ్మనేది కూడా నువ్వే చెప్పాలె" అని ఆయన సైకిలు తాడు బిగించుకోసాగారు. పొమ్మని చెప్పలేకపోయాను. అప్పుడే రూతమ్మ నీళ్లబిందెతో వస్తూ అరుగు చూసి నిలబడిపోయింది. ఆమె వెనకే చేతిలో కొడవలితో లచ్చమ్మ. పిల్లలను చూసింది, బండిని చూసింది, నన్ను మింగేసేట్టు చూసింది.

"ఇగ పొద్దుగాల్నే పొల్లగాండ్లను పిలిచి కూసోవెట్టి, నువ్వు బండెక్కి పోతున్నవా? మంచిగనే ఉన్నది నీ యవ్వారం." కోడలి నడుము మీది బిందె తను లాక్కుంది. "నిలవడ్డవేందే? పో, జర అచ్చరాలు రాపియ్యి. కూసున్నోళ్లను లేవగొడ్తమా? కోతకు నేను పోత. ఇయ్యాలకే. మల్ల చెప్తున్న, ఇయ్యాలకే!"

రూతమ్మ కొంగుతో చేతులు తుడుచుకుని అరుగెక్కింది. మా బండి కదిలినప్పుడు వెనక నుంచి అక్షరాలు చెబుతున్న గొంతు వినిపించింది. నేను వెనక్కి తిరిగి చూడలేదు. ఇయ్యాల సరే, రేపు ఎట్లా అన్న బెంగ మాత్రం నాతోపాటు బండెక్కింది.

బొంగుళూరు దాటేసరికి ఎనిమిదయింది. రోడ్డుకు అడ్డంగా మొద్దు పెట్టి మిలిటరీవాళ్లు సోదా చేస్తున్నారు. దూరం నుంచే చూసి ఖాసిం భాయి నెత్తి మీది టోపీ తీసి మోకాలి కింద పెట్టుకున్నాడు. ఒక జవాను మా రేకుపెట్టె తెరవమన్నాడు. అతని భాష మాకు రాదు, మా భాష అతనికి రాదు. అందులోని డబ్బాలో ఏముందని సైగ చేస్తే ఎస్తేరు ఒక బలపం తీసి పెట్టె మూత మీద 'అ' రాసి చూపింది. అతను నవ్వి మూత వేసేశాడు. మొద్దు దాటి చాలా దూరం పోయాక ఖాసిం భాయి టోపీ దులిపి మళ్లీ పెట్టుకున్నాడు.

"ఫికర్ జెయ్యకు పంతులమ్మా. గా ముసల్ది నోరే గట్లుంటది" అన్నాడు ఉన్నట్టుండి. నేను జవాన్ల గురించి కాక బడి గురించి దిగులు పడుతున్నానని ఆయనకెట్లా తెలిసిందో!

తుర్కయాంజాల్ దగ్గర చింతల నీడలో ఎద్దులను విప్పాం. రూతమ్మ ముందునాడు కట్టిచ్చిన జొన్నరొట్టెలు, మిరప తొక్కు, ఉల్లిగడ్డ తిన్నాం. ఈ దారిన వచ్చేవారు ఇక్కడే ఆగండి, బావి నీళ్లు తియ్యగా ఉంటాయి. పొద్దు వాలాక సరూర్‌నగర్, దీపాలు పెట్టే వేళకు మలక్‌పేట, వంతెన దాటి కాచిగూడ. స్టేషన్ పక్కన బాటసారులు దిగే ముసాఫిర్‌ఖానాలో చాపలు పరుచుకున్నాం. నల్లులున్నాయి గానీ దాన్ని చూసుకునే మనిషి మంచివాడు, వేడినీళ్లు ఇచ్చాడు.

తెల్లవారి ఖాసిం భాయి ఖాళీ బండితో వెనక్కి మళ్లాడు. అందరం ఒకే దారిన వచ్చాం, తిరుగు ప్రయాణం మాత్రం ఆయన ఒక్కడిదే. నేను ఎద్దుల మెడలు నిమిరాను.

రైలు ఎనిమిదికి కదిలింది. టికెట్లకు ఇంకా నిజాం నాణెం హాలీ సిక్కానే తీసుకున్నారు. మూడో తరగతిలో చోటు దొరకాలంటే ముందు పిల్లల్ని ఎక్కించండి, వాళ్లను చూసి ఎవరో ఒకరు జరుగుతారు. మా కోసం జరిగింది కామారెడ్డి పోయే పెద్దామె. ఒళ్లో తాటిముంజల గంప.

"యే ఊరు బిడ్డా మీది?"

"ఇబ్రహీంపట్నం."

మా ఆయన నా వైపు చూసి, కిటికీలోంచి బయటికి చూశారు. ఎక్కడికి పోతున్నామో విని పెద్దామె గంపను మెల్లగా అవతలి పక్కకు జరుపుకుంది. నాకు మండింది. కాసేపటికి తనే రెండు ముంజలు ఒలిచి ఎస్తేరు చేతిలో పెట్టింది. "ఎవరో ఒగలు పోవాలె గద" అంది. మండింది చల్లారింది.

దవాఖాన స్టేషన్ నుంచి నడక దూరమే. గేటు దగ్గర సారమ్మ ఎదురుచూస్తోంది. కొంచెం లావైంది, నవ్వు అదే. ఆ మరునాడే వేపచెట్టు కింద పిల్లలను కూర్చోబెట్టాను. చేతులు పని చేశాయి గానీ మనసు రోజూ పొద్దుపొడుపున కట్ట మలుపులోనే నిలబడేది. రూతమ్మకు ఉత్తరం రాయలేదు. బడి మూతపడిందని జవాబు వస్తుందేమోనని భయం.

వానలు వెనకపట్టాక ఇంకుండలేక, వదిలేసి వచ్చిన దుప్పట్ల పెట్టె సాకుతో ఒక్కదాన్నే బయలుదేరాను. అప్పటికి కాచిగూడ నుంచి ఇబ్రహీంపట్నం బస్సు సరిగ్గా తిరుగుతోంది. దిగేసరికి పొద్దుగూకింది. ఖాసిం భాయి ఇంట్లో దిగాను. ఆయన భార్య అన్నం పెడుతుంటే బడి సంగతి అడగబోయి ఆగిపోయాను. ఆయనకు అర్థమైంది.

"నన్నడుగకు. పొద్దుగాల పోయి నువ్వే సూడు" అన్నాడు. మొహం చూసి ఏమీ పోల్చుకోలేకపోయాను.

తెల్లవారకముందే కట్ట మలుపు చేరాను. చెరువు నిండుగా ఉంది. చేపలవాళ్లు వలలు దులుపుతున్నారు. ఎరుపు పడింది. పాట వేళయింది. వాడలో కుక్క మొరగడం తప్ప ఏమీ వినబడలేదు. వేళ దాటింది. ఏమైతే అదే అయిందని నేనే ఎత్తుకుందామని నోరు తెరిచాను.

అంతలో కింద నుంచి ఒక బొంగురు గొంతు లేచింది. రాగం ఒక దారి, మాటలు ఒక దారి. ఎవరినో తిడుతున్నట్టుంది గానీ కీర్తన అదే. మొదటి ఇంట్లో అందుకున్నారు, తరువాత పక్కింట్లో. పిల్లలు పలకలతో బయటికి వచ్చారు. నేనున్నప్పుడు లేని ముగ్గురు నలుగురు కొత్తవాళ్లు కూడా ఉన్నారు. వాళ్ల వెనక కొడవలి చంకలో పెట్టుకుని, ఇంకా పాడుతూనే, లచ్చమ్మ.

నన్ను చూసి పాట ఆపింది. "ఏం పంతులమ్మా, పొద్దెక్కినంక వచ్చినవ్? బడి షురువైతున్నది."

"నువ్వు పాడుతున్నవా?"

"ఇగేం జెయ్యాలె? కోడలికి నెలలు నిండినయ్. గొంతెత్తకే, ఆయాసమైతదని నేనే అన్న."

అరుగు మీద రూతమ్మ నిండు కడుపుతో నిలబడి నవ్వుతోంది. నాకు కళ్లనీళ్లు ఆగలేదు. "ఇయ్యాలకే అన్నవ్ గద లచ్చమ్మా" అన్నాను.

"అవ్, అన్న. రోజు పొద్దుగాల గదే అంటున్న" అని కొడవలి సర్దుకుని కోతకు వెళ్లిపోయింది.

నేను లేకపోయినా బడి నడుస్తోందన్న సంతోషం ఒకవైపు, నేను లేకపోయినా నడుస్తోందే అన్న చిన్న నొప్పి ఒకవైపు. ఎండెక్కేదాకా అరుగు చివర పిల్లల్లో ఒకదానిలా కూర్చున్నాను. రూతమ్మ నాకూ ఒక పలక ఇచ్చింది. దుప్పట్ల పెట్టె సంగతి మధ్యాహ్నం బస్సు వచ్చే వేళకు గానీ గుర్తుకు రాలేదు.

మరునాడు కాచిగూడలో రైలెక్కాను. పెట్టె మీద కాళ్లు పెట్టుకుని కూర్చుంటే ఎదురుగా ఉన్న యువతి ఎక్కడికని అడిగింది. చెప్పాను. ఈసారి ఎవరు గంప జరుపుకున్నా మండేట్టు లేదు. ఆమె ఏమీ జరపలేదు గానీ కళ్లు పెద్దవి చేసింది.

"అమ్మో! బతుకంత గాడ్నే ఉంటవా అక్కా?"

పొలాల మీద వరి ఎర్రబడుతోంది. ఎక్కడో లచ్చమ్మ కోతలో ఉంటుంది. అటువైపు సారమ్మ పిల్లలను పోగేసి నాకోసం చూస్తూ ఉంటుంది.

"ఇయ్యాలకైతే ఉంట" అన్నాను.