మగ్గానికో టికెట్టు

మా బట్టల దుకాణం ఆదోనిలో ఆటోస్టాండుకు ఎదురుగా ఉండేది. అ ఆలకన్నా ముందు నా చెవిన పడ్డ పాఠం "ఎమ్మిగనూరు, ఎమ్మిగనూరు, ఎమ్మిగనూరు! ఇంకొక్కరు, ఇంకొక్కరు!" ఆ ఇంకొక్కరికి అంతుండదు. ఆటో నిండిందో లేదో చెప్పాల్సింది డ్రైవరే, ఆయన ఎన్నడూ నిండిందని అనడు. మా నాన్న చీరలు మడతపెడుతూ మెచ్చుకునేవాడు: "సూడు పాపా, మనం ఉండే గుడ్డ అమ్ముతాండాం. వాడు ల్యాని సోటు అమ్ముతాండాడు. వాని ముందర మనమెంత?"

అట్లాంటి స్టాండు ముందు పెరిగిన నన్ను పట్టుకుని, పారిస్‌లో ఒక ఏజెంటు "మేడమ్, ఈ ఊళ్లో మీ అంతట మీరు తిరగలేరు. నా వ్యాన్ ఎక్కండి" అన్నాడు.

చేనేత ప్రదర్శనకు మమ్మల్ని తీసుకెళ్లింది ఆయనే. నేను ఎమ్మిగనూరు చీరలు అమ్మడానికి, వాటిని నేసిన పెద్దాయన జనం ముందు నేసి చూపించడానికి. ఆయన్ని నేను అన్నా అంటాను. సంకలో ఇరికించుకుపోయేంత చిన్న మగ్గం ఒకటి ఆయన వెంట వచ్చింది. బస ఊరికి ఉత్తరపు అంచున, ప్రదర్శన దక్షిణపు అంచున. వ్యాన్ ధర వినగానే అలవాటుగా సగానికి అడిగాను. ఏజెంటు నవ్వాడు. నాకు ఆ నవ్వు నచ్చలేదు.

"అయితే ఎక్కం" అన్నాను.

ఎక్కం అన్నంత సులువుగా తిరగడం రాలేదని ఒప్పుకుంటాను. మొదటిరోజు స్టేషనులో టికెట్ల మిషను ముందు నిలబడి, ఇద్దరికి కలిపి తగ్గించేదేమైనా ఉందా అని నిజంగానే పైకి అడిగాను. అన్న నావైపు జాలిగా చూశాడు. "దానికి సెవులు యాడుండాయమ్మా?"

మరునాటికి దారి పట్టుబడింది. భూమి కింద రైళ్లకు అంకె ఒకటి, రంగు ఒకటి. చదవడం రాకపోతే రంగు పట్టుకుంటే చాలు, అన్న అట్లాగే నాకంటే ముందు నేర్చుకున్నాడు. నూలు రంగులు చూసిన కన్ను కదా. "మనది ఆకుపచ్చదమ్మా, నువ్వు వంకాయ రంగుదాని కాడికి పోతాండావు" అని రెండుసార్లు నన్ను వెనక్కి లాగాడు. బస్సు నిదానం, కానీ ఊరు కనిపిస్తుంది. ఎయిర్‌పోర్టు ట్యాక్సీకి ఊళ్లోకి ఒకటే ధర, బోర్డు మీద రాసి ఉంటుంది. అది చదివి నేను మనసులో ఆ ఊరిని కొంచెం తక్కువ చేశాను. అడగడానికి ఏమీ మిగల్చని ధర ఏం ధర?

మూడోరోజు, ప్రదర్శన మొదలయ్యే రోజు, పొద్దున రైళ్ల సమ్మె. డ్రైవరు లేకుండా నడిచే లైన్లు మాత్రం తిరుగుతున్నాయన్నారు, అవి మా వైపు రావు. బస్సులు మెడదాకా నిండి, ఆపకుండా పోతున్నాయి. పదింటికల్లా స్టాలు తెరవకపోతే కాచుకుని ఉన్న వేరేవాళ్లకు ఇచ్చేస్తామని ప్రదర్శనవాళ్లు ముందే కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. అప్పటికి ఎనిమిదిన్నర దాటింది.

ఏజెంటు వ్యాన్ అద్దం దించాడు. "ఇప్పుడేమంటారు మేడమ్? ఇవాళ రేటు వేరే."

అన్న మగ్గాన్ని ఒక సంకలోంచి ఇంకో సంకలోకి మార్చుకున్నాడు. అంత దూరం వచ్చి నేయకుండా తిరిగిపోతే ఎమ్మిగనూరులో ఏం చెప్పుకుంటాడు? ఆయన ముఖం చూసి సగం మెత్తబడ్డాను. వ్యాన్‌లో ఆ నవ్వు చూసి మళ్లీ గట్టిపడ్డాను.

"నిన్నటి రేటుకే ఎక్కలేదు, నేటి రేటుకు ఎక్కుతామా? మీరు పోండి సార్."

వ్యాన్ పోయింది. "ఇప్పుడెట్లమ్మా?" అన్నాడు అన్న. నాకు తెలిస్తే కదా.

ట్యాక్సీల దగ్గర వరుస వీధి మలుపుదాకా ఉంది. ఒక్కో ట్యాక్సీలో ఒక్కరు, మహా అయితే ఇద్దరు, మిగతా సీట్లు ఖాళీగా పోతున్నాయి. ఆ ఖాళీ సీట్లు చూస్తే మా స్టాండు డ్రైవరు ఏడ్చేవాడు. అన్నను వరుస చివర నిలబెట్టి, మెడలోని ప్రదర్శన కార్డు పైకెత్తి, మా స్టాండు గొంతు తీశాను.

"ఎక్స్‌పో! ఎక్స్‌పో! ఎక్స్‌పో!"

జనం పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు. సిగ్గేసింది, కానీ సిగ్గు పదింటికి స్టాలు తెరవదు. వరుస మొదట్లో ఒక ముసలాయన, ఆయన భార్య మెడల్లో మాలాంటి కార్డులే. నాలుగు వేళ్లు చూపించాను: మీరిద్దరు, మేమిద్దరు, మీటరు సగం సగం. వాళ్లు ఒకరినొకరు చూసుకుని తలూపారు. నేను వరుస తప్పలేదు. చీర మడిచినట్టు మడిచాను, తోక వచ్చి తలకు తగిలింది, అంతే.

అన్న మగ్గంతో వచ్చాడు. ముసలావిడ మగ్గాన్ని పైనుంచి కిందికి చూసి, ఐదో వేలు ఎత్తింది: దానికీ ఒక వంతు.

నేను తల అడ్డంగా ఊపాను. ఆమె వేలు దించలేదు. వెనక వరుసలో గొణుగుడు మొదలైంది. బండి అవసరం నాదని ఆమెకు తెలిసిపోయింది. తెలిశాక ఇంకేం బేరం? ఐదు వంతుల్లో మూడు నావి. బేరాల ఇంట పుట్టిన నేను, భాష రాని మనిషి ఒక్క వేలికి ఓడిపోయాను.

"ఏంలేమ్మా, మన ఎమ్మిగనూరు బస్సులో గూడా లగేజీకి టికెట్టు కొడతారు కదా" అన్నాడు అన్న, మగ్గాన్ని వెనక డిక్కీలో పసిబిడ్డలా పడుకోబెడుతూ.

పదికి ఐదు నిమిషాలుండగా దిగాం. గేటు దగ్గర ఏజెంటు, మాకన్నా ముందే వచ్చి, కాఫీ తాగుతున్నాడు. "వ్యాన్‌లో వస్తే హాయిగా వచ్చేవారు కదా మేడమ్!"

"హాయిగా ఉండదని కాదు సార్, ఎక్కం అన్నాం, ఎక్కలేదంతే."

పదికి అన్న మగ్గం ఆడింది. మొదట వచ్చి నిలబడింది ఆ ముసలావిడే. మగ్గానికి టికెట్టు కొట్టింది కదా, ఏం నేస్తుందో చూడాలిగా.

సాయంత్రమూ సమ్మె వదల్లేదు. గేటు బయట ఏజెంటు వ్యాన్ తలుపు తెరిచి నిలబడ్డాడు, లోపల ఆయన తీసుకొచ్చిన వేరే స్టాళ్లవాళ్లు కొందరు అప్పటికే ఎక్కి కూర్చున్నారు. నా గొంతు పొద్దుననే పోయింది. అప్పుడు, మూడురోజుల్లో నాతో తప్ప ఎవరితోనూ నోరు విప్పని అన్న, మగ్గాన్ని నా చేతికిచ్చి రోడ్డు అంచుకు పోయి, మా బస ఉన్న చోటి పేరు నోరు తిరగక, తెలిసిన పేరే ఎత్తుకున్నాడు.

"ఎమ్మిగనూరు! ఎమ్మిగనూరు! ఇంకిద్దరు, ఇంకిద్దరు!"

వ్యాన్‌లోంచి ఇద్దరు దిగి మా వైపు వచ్చారు.