దురాయికి దొరికిపోయిన అయ్యోరు

నేను చేసిన తెలివితక్కువ పనుల్లో కొన్ని మా ఇంట్లోవాళ్లకే తెలుసు, కొన్ని ఊరికి తెలుసు. ఇప్పుడు చెప్పబోయేది సముద్రానికి కూడా తెలుసు. నా పుణ్యమా అని ఒక పాలెం పడవలన్నీ, చేపలు ఎదురుగా ఎగిరి పడుతుంటే, ఇసుకలో నిలబడిపోయాయి. నవ్వుకోండి గానీ మా మనవళ్ల చెవిన మాత్రం వేయకండి.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. జువ్వలదిన్నెకు దక్షిణాన చేపలు పట్టే పట్టపువాళ్ల చిన్న పాలెంలో బడికి నన్ను పంతులుగా వేశారు. ఆ బడికంతా నేనొక్కణ్ణే. వరి పండించే ఇంట్లో పుట్టినవాణ్ణి, పడవకు ముందేదో వెనకేదో తెలియదు. అయినా ఊరిని ఉద్ధరించాలన్న ఉబలాటానికి లోటు లేదు.

ముందటేడు ఫ్లూ జ్వరం పాలెమంతటినీ మంచాన పడేసి పోయింది. ఆ ఏడు చుట్టుపక్కల ఊళ్లలో మశూచి మొదలైంది. టీకాలు వేసే నరసయ్యగారు రెండుసార్లు వచ్చి, రెండుసార్లూ ఖాళీ వీధులు చూసి వెళ్లిపోయారు. ఆయన సంచీ కనిపిస్తే చాలు, మగవాళ్లు సముద్రం మీదికి, ఆడవాళ్లు పిల్లల్ని చంకనేసుకుని సరుగుడు తోపులోకి మాయమయ్యేవాళ్లు.

అక్కడే నా బుర్ర వెలిగింది. ఆ పాలేల్లో ఊరిపెద్దను పెద్దకాపు అంటారు, ఆయన మాటకు తిరుగులేదు. ఆయన దురాయి వేశాడంటే, అంటే ఫలానాది చేసి తీరాలని కట్టుబాటు చాటించాడంటే, అది తీరేదాకా ఆయన కూడా దాన్ని దాటడు. మా పెద్దకాపు పోలయ్య దగ్గరికి వెళ్లి గంటసేపు ఉపన్యాసం ఇచ్చాను. టీకా లేనివాడు ఒక్కడు మిగిలినా చాలు, జబ్బు వాడి గుడిసెలోంచే పాలెమంతా పాకుతుందని భయపెట్టాను. ఆయన మెత్తబడి, "దురాయి ఎట్టా వెయ్యమంటావో నువ్వే చెప్పు అయ్యోరా," అన్నాడు.

ఇంకేం, ఒక్కరు కూడా తప్పించుకోకుండా అన్ని సందులూ మూసేశాను. పాలెంలో అన్నం తినే ప్రతి మనిషికీ టీకా పడాలి, పడేదాకా ఒక్క పడవ కూడా నీళ్లలో దిగకూడదు. పోలయ్య ఆ ముక్క నా చేత రెండుసార్లు చెప్పించుకుని, నరసయ్యగారిని పిలిపించి, ఆయన వచ్చిన పొద్దున్నే డప్పు కొట్టించాడు.

ఇక్కడ మీకొక రహస్యం చెప్పాలి. నాకే టీకా లేదు. చిన్నప్పుడు మా ఊరికి టీకాల ఆయన వచ్చినప్పుడల్లా మా అమ్మ నన్ను వడ్ల గాదెలో దాచేది. పెద్దయ్యాక గాదె సాయం లేకుండానే పారిపోవడం నేర్చుకున్నాను. మండుటెండల్లో కూడా పొడుగు చేతుల చొక్కా వేసుకు తిరుగుతుంటే, అది చదువుకున్నవాళ్ల మర్యాద కాబోలని పాలెంవాళ్లు అనుకునేవాళ్లు.

ఆ పొద్దున పాలెం సందడి చూడాలి! సరిగ్గా ఆ రోజే కవళ్ల చేపల గుంపు ఒడ్డుకు దగ్గరగా వచ్చింది. నీళ్లు నల్లబడ్డాయి, పైన పక్షులు గోల గోల. రెండు వారాలుగా సరిగ్గా చేప పడక పాలెంలో సగం పొయ్యిలు ఒంటిపూటే వెలుగుతున్నాయి. అందుకే అందరూ తోసుకుంటూ వచ్చి వరసలో నిలబడ్డారు. నరసయ్యగారు సూదులున్న చిన్న బిళ్లను చేతి మీద పెట్టి గిరుక్కున తిప్పడం, అవతలికి పంపడం. నేనేమో పెళ్లికొడుకు తండ్రిలాగా అటూ ఇటూ తిరుగుతూ అందరికీ ధైర్యం చెబుతున్నాను. నాకు రోజూ చద్దన్నం పెట్టే ఆదెమ్మవ్వ వణుకుతుంటే, "చీమ కుట్టినట్టు ఉంటుందవ్వా, అంతే," అన్నాను. ఆమె కిక్కురుమనకుండా వేయించుకుంది.

వరస అయిపోయింది. మగవాళ్లు పడవలకు భుజాలు ఆనించారు. అప్పుడు పోలయ్య వాళ్లకు అడ్డంగా వచ్చి నిలబడ్డాడు.

"ఆగండి. ఇంకొక చెయ్యి మిగిలి ఉండాది."

నాకు ఒళ్లు మండిపోయింది. ఊరంతా కష్టపడుతుంటే తప్పించుకున్న ఆ పిరికివాడెవడో లాక్కురమ్మని కేకలేశాను.

"నీదే అయ్యోరా," అన్నాడు పోలయ్య.

చిన్నప్పుడే వేయించుకున్నానన్నాను. గుర్తు చూపించమన్నాడు. చొక్కా గుండీలు బిగుసుకుపోయాయన్నాను. నేను పాలెం మనిషిని కాదు, నాలుగు రోజులుండి పోయేవాణ్ణి అన్నాను. ఈ పొద్దు చద్దన్నం ఎక్కడ తిన్నావని అడిగాడు. ఆదెమ్మవ్వ నా వైపే చూస్తోంది. చివరికి, నా ఒక్కడి మటుకు దురాయి సడలించమని చేతులు జోడించాను.

"వెయ్యడం వరకే నా చేతిలో ఉండేది," అన్నాడాయన. "నువ్వు చెప్పినట్టే వేసినాను."

ఏం చేశానంటారా? పరిగెత్తాను. పంచె ఎగ్గట్టి సరుగుడు తోపు వైపు ఒకటే పరుగు. కొంతదూరం పోయి వెనక్కి చూస్తే నా వెంట ఎవరూ రావడం లేదు. పాలెమంతా పడవల పక్కన అట్లాగే నిలబడి సముద్రం వైపు చూస్తోంది. ఆ నలుపు మెల్లగా ఉత్తరానికి జరిగిపోతోంది. తరిమి ఉంటే బిట్రగుంట స్టేషను దాకా పోయి రైలెక్కేవాణ్ణి. తరమలేదు కాబట్టి నా కాళ్లు కదల్లేదు. సిగ్గుతో తల వంచుకుని వెనక్కి నడిచాను.

ఆదెమ్మవ్వ పక్కన కూర్చుని నా చెయ్యి పట్టుకుంది. నరసయ్యగారు బిళ్ల ఆనించారో లేదో నేను పెట్టిన కేకకు పక్షులన్నీ ఒక్కసారి లేచిపోయాయి. ఆ కేకే ఆజ్ఞ అన్నట్టు పడవలన్నీ ఒక్క ఊపున నీళ్లలోకి దిగాయి. గుంపు అందింది. మధ్యాహ్నానికి ఒడ్డంతా వెండిలా మెరిసింది, నా ప్రాణం కుదుటపడింది.

ఆ పూట కవళ్ల పులుసుతో అన్నం పెడుతూ ఆదెమ్మవ్వ అడిగింది:

"ఎంత చీమ అయ్యోరా అది?"

అందుకే ఆ సముద్రం సాక్షిగా, పులుసు గిన్నె ముందు, టీకా పడ్డ చెయ్యెత్తి ప్రమాణం చేశాను. నా చొక్కా చెయ్యి మడిచి చూపించనిదే ఇంకొకరి చెయ్యి చాపమనను. ఆ మరుసటి వారమే బిట్రగుంటలో పొట్టి చేతుల చొక్కాలు రెండు కుట్టించుకున్నాను.