బుచ్చన్న దగ్గు

నమ్మితే నమ్మండి, లేకుంటే లేదు. ఈ కంటి మీద ఒట్టు... ఇది నా చెవులతో విన్నది.

పంతొమ్మిది వందల అరవైల మొదట్లో మాట. మాది మోత్కూర్, మగ్గం పని. ఎడమ కన్ను చిన్నప్పుడే అమ్మవారు పోసి పోయింది. కుడి కంటికి మగ్గంలో పోగును అటూ ఇటూ మోసే నాడె ఎగిరొచ్చి తగిలి తెల్ల పువ్వు వేసింది. వెలుగూ చీకటీ తప్ప ఏమీ తెలియదు. చనిపోయినవాళ్ల కంటి పొర అతికిస్తే చూపు వస్తుందని పట్నం దవాఖానలో చేర్చారు.

పక్క మంచం బుచ్చన్నది. కోస్గి నేతగాడు. కడుపులో గడ్డ... బతకనని తనకే తెలుసు. రోజంతా దగ్గేవాడు. దగ్గి దగ్గి, చివర్న సర్రున గాలి పీల్చేవాడు. నాడె కన్నంలోంచి పోగును నోటితో లాగుతామే, అచ్చం అలాగే. డాక్టరు అడిగితే, "పత్తి దుమ్ము సారూ, మా మగ్గపోళ్లందరికి ఉంటది" అన్నాడు. నేనూ అవునన్నాను. దగ్గు మాకొక జబ్బేనా?

ఒకరోజు నా చెవిలో చెప్పాడు.

"తమ్మీ, నెత్తురు పడ్డది. ఎవలకు చెప్పకు, ఎళ్లగొడ్తరు. నేను పోయినంక నా కన్ను నీకే. మా ఆమెకు గూడ చెప్పిన."

నాకు ఏడుపొచ్చింది. అంత మాట ఎవరంటారండీ?

రెండు రోజులకే పోయాడు. కన్ను తీసి ఐసు డబ్బాలో పెట్టారు. శవాన్ని కోస్గి తీసుకెళ్లారు. తెల్లారితే నాకు ఆపరేషన్.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పాడు సంతోషం. నెత్తురు మాట గుర్తొస్తే పక్కకు తోసేస్తున్నాను. చెబితే కన్ను దక్కదేమో కదా. గోడ గడియారం టిక్కు... టిక్కు...

పక్క మంచం మీద దగ్గు.

ఒకసారి... రెండుసార్లు... ఆపైన సర్రున గాలి పీల్చిన చప్పుడు.

చేయి చాపాను. పరుపు తీసేశారు. చల్లటి ఇనుప పట్టీలు. మళ్లీ దగ్గు... నా చేతి పక్కనే.

కేక పెట్టాను. మేరమ్మ సిస్టర్ పరుగున వచ్చింది. నల్లగొండావిడ.

"బుచ్చన్న దగ్గుతాండు సిస్టరమ్మా" అని గొణిగాను.

ఆమె నవ్వలేదు. నా చెవి దగ్గరకు వంగి మెల్లగా అంది. "ఆయన పోయిండు గద నర్సయ్యా. గా దగ్గు ఎట్లుండె?"

"పత్తి దగ్గే... నెత్తురు గూడ పడేది."

"గీ మాట ఇన్నొద్దులు కడుపుల పెట్టుకున్నవా?"

ఆ వేళప్పుడే వెళ్లి డాక్టరును లేపుకొచ్చింది. ఆపరేషన్ ఆపేశారు. బుచ్చన్న ఉమ్మిన డబ్బా ఇంకా కడగలేదట, పరీక్ష చేస్తే క్షయ. అతికించిన కంటితో అది నాకూ రావచ్చన్నాడు డాక్టరు. "కన్ను పాయెనని నీకుంటది. పానం దక్కెనని నాకున్నది" అన్నాడు.

ఆరు నెలలకు ఇంకొకరి కన్ను వచ్చింది. దాంతోనే ఇన్నేళ్లు నేశాను. నాలాంటి పిచ్చివాడి మాటకు నడిరాత్రి డాక్టరు తలుపు తట్టిన ఆ సిస్టర్‌కు రోజూ దండం పెట్టుకుంటాను. ఇచ్చిన కన్ను తానే వెనక్కి తీసుకుపోయిన బుచ్చన్నకు ఇంకో దండం.

నా భయమే దగ్గిందని ఎన్నోసార్లు సర్దిచెప్పుకున్నాను. కానీ ఆ రాత్రి సిస్టర్ డాక్టరు కోసం వెళ్లగానే అవతలి మంచం ముసలాయన మూలిగాడు. కళ్లకు కట్టుతో ఉన్నాడు. బుచ్చన్న పోయిన సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు.

"బుచ్చన్నకు జర నీళ్లియ్యిండ్రి. ఇందాకటిసంది దగ్గుతాండు."

ఏమో... అదేమిటో నాకు ఇప్పటికీ తెలియదు. తడుముకుంటూ లేచి, ఆ ఖాళీ మంచం పక్కన చెంబెడు నీళ్లు పెట్టాను. అంత ఇచ్చినవాడికి నేనిచ్చింది అదొక్కటే.