సైరన్ మోగితే ఫోను బంద్

మా ముసలాయన పోయిన తర్వాత ఆయన ఫోను నా దగ్గరే ఉంది. చివరిసారి ఆయన వేయించిన రీచార్జికి ఇంకా నెల పైన రోజులు మిగిలాయి. మనిషి పోయాడని మిగిలినవి పారేసుకుంటామా? పురుగు పట్టిన బియ్యమైనా చెరిగి వండుకునేదాన్ని నేను. రోజూ చార్జింగ్ పెట్టి దిండు పక్కన ఉంచుకునేదాన్ని. నెట్టు మాత్రం ఎప్పుడూ ఆపేసే ఉండేది. పని లేకుండా అది తెరిచి ఉంచడమంటే నల్లా తిప్పి వదిలేసినట్టే.

ఆ ఫోను తెరుచుకోవడానికి నా బొటనవేలు చాలు. కొన్న రోజునే ఆయన నన్ను కూర్చోబెట్టి వేలు ఆనించమన్నాడు.

"నేను మూడో తరగతి చదివిన. సంతకం పెడుత గని ఏలిముద్రలేసేదాన్ని గాదు," అన్నాను.

"నీ సంతకం దీనికి అర్థంగాదు. ఏలు వెట్టు," అన్నాడు. పెట్టాను.

ఆయన దినాలు అయిపోయిన మూడో నాడు అస్థికలు కలపడానికి గోదావరిఖని నుంచి కాళేశ్వరం పోయాం. కొడుకు కారు నడిపాడు. ముందు సీట్లో నేను, వెనక మనుమరాలు. కోడలికి ఇంట్లో చుట్టాల పని ఉండిపోయింది.

మనుమరాలు హైదరాబాద్‌లో కంప్యూటర్ ఉద్యోగం చేస్తుంది. నెలాఖరుకు ఆ పని పోతుందని కంపెనీ వాళ్లు ముందే చెప్పేశారు. ఇంకో కంపెనీ రెండుసార్లు మాట్లాడింది. మూడోదీ, చివరిదీ అయిన ఇంటర్వ్యూ సరిగ్గా ఆ రోజే పడింది, మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు. ఇంకో రోజు పెట్టమని అడిగితే, ఇంకొకరిని చూసుకుంటామన్నారట. ఆలోగా ఇంటికి చేరుకుంటామనుకున్నాం. ఘాటు దగ్గర మాకంటే ముందు వచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు.

కొడుకు నీళ్లలోకి దిగి కుండ వదిలాడు. నేను మోకాళ్ల లోతులో నిలబడ్డాను. నీళ్లు చల్లగా ఉన్నాయని తెలిసింది. అంతే. ఒడ్డున ఎవరో ముసలామె నన్ను చూసి, "ఏడువు బిడ్డా, ఏడిస్తే తేలికైతది," అంది. ఎట్లా ఏడవాలో గుర్తు తెచ్చుకుందామని చూశాను. రాలేదు. తడి కొంగు పిండుకుని కారెక్కాను.

అడవి దారి పొడుగునా ఎవరి ఫోనులోనూ సిగ్నల్ లేదు. మంథని దాటాక కూడా మనుమరాలి ఫోను వస్తూ పోతూ ఉంది. కొడుకుదీ అదే కథ. మా ముసలాయన ఫోనులో మాత్రం గీతలన్నీ నిండుగా ఉన్నాయి.

"బాపమ్మా, తాత ఫోను జెర ఇయ్యి. దాని నెట్టు నా లాప్‌టాప్‌లకు తీసుకుంట."

"లాప్‌టాప్‌లా? ఎన్నున్నయే?"

"రెండు. ఇది ఇప్పటి కంపెనీది, ఇది నాది."

"మాట్లాడేది ఒక్కదాంట్లనే గద. రెండోది ముయ్యి."

"ముయ్యొద్దు. సెలవులన్ని తాత దినాలకే అయిపోయినయ్. ఇది తెరిచుంటె నేను పనిల ఉన్నట్టు పచ్చ లైటు వెలుగుతది."

"అంటే ఒగల చేన్ల గడ్డపార నిలవెట్టి, ఇంకోల చేన్లకు కూలికి పోతున్నవన్నట్టు."

కొడుకు నవ్వాడు. "ఊకో అవ్వా, మా గనుల హాజరేసి పండెటోల్లు లేరా?"

"మీ నాయిన గాదు," అన్నాను.

ఫోను మాత్రం ఇవ్వలేదు. ఎక్కడ నొక్కాలో ఆమె చెప్తే నేనే నొక్కి ఒళ్లో పెట్టుకున్నాను. కాసేపటికి అది వేడెక్కింది. చేయి తీయలేదు.

ఇంటర్వ్యూ మొదలైంది. వెనక ఆమె ఇంగ్లీషులో గడగడా చెప్తోంది. అటువైపు ఇద్దరు మగ గొంతులు, ఒక ఆడ గొంతు. నాకు ఎస్ సర్, ఎస్ మేడమ్ తప్ప ఏమీ అర్థం కాలేదు. కానీ పిల్ల గొంతులో తడబాటు లేదు. బాగానే పోతోందనిపించింది.

కమాన్‌పూర్ దగ్గరికి వచ్చేసరికి రోడ్డుకు అడ్డంగా ఒకాయన ఎర్రజెండా పట్టుకుని నిలబడి ఉన్నాడు. పైనుంచే బొగ్గు తవ్వే ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ వేళ. కొడుకు అద్దం దించాడు.

"పది నిమిషాలన్నా, అయిపోంగనే ఇడుస్త," అన్నాడాయన మెల్లగా, వెనక సీటు చూసి.

అప్పుడు సైరన్ మోగింది.

మా ముసలాయన చివరి పదేళ్లు ఓపెన్‌కాస్టులో బ్లాస్టింగ్ గ్యాంగులోనే చేశాడు. పేలుడు మందు నింపిన చోట ఫోను ఉండకూడదు, ఒక్కోసారి దానివల్లే మందు అంటుకుంటుందనేవాడు. గనిలో పెట్టిన ఆ పద్ధతినే ఇంట్లోనూ పెట్టాడు. మా ఇల్లు గనికి ఎంత దూరమున్నా సరే, సైరన్ వినబడితే ఫోను ఆర్పాలి, కిటికీ తలుపులు తెరవాలి, అదురుకు పడకుండా అల్మారలోని స్టీలు గిన్నెలు కింద పెట్టాలి. డ్యూటీ నుంచి దిగిపోయి ఇంట్లో కూర్చున్నాక కూడా మానలేదు.

ఆ రోజు కారు అద్దం ముందే దిగి ఉంది, కింద పెట్టడానికి గిన్నెలు లేవు. చేతిలో ఫోను ఉంది. ఆర్పేశాను.

"సార్? హలో సార్? మేడమ్?" వెనక నుంచి ఆమె గొంతు పెరిగింది. "డాడీ, నెట్టు పోయింది! బాపమ్మా, ఫోనేది?"

"బంజేసిన."

"ఎందుకు?"

"సైరనైంది గద."

కొడుకు స్టీరింగ్ మీద తల ఆనించాడు. "అవ్వా, మనం గుట్టకు అవుతల ఉన్నం. గిక్కడ ఎవలు బంజెయ్యరు."

అప్పుడు తెలిసింది నేనేం చేశానో. తెలిసింది గాని గుండె కొట్టుకోలేదు. దినాలప్పటి నుంచీ లోపల ఏదో మొద్దుబారి ఉంది, గని దిగి వచ్చినవాడి చెవుల్లాగ. ఫోను వెలిగించి బొటనవేలు ఆనించాను. తెరుచుకోలేదు. నాలుగంకెలు అడిగింది.

"బంజేసి వెలిగిస్తే ఏలు పనిచెయ్యది బాపమ్మా. నంబరే గావాలె. తాత ఎన్నడన్న చెప్పిండా?"

"నాకెందుకు చెప్తడు? నా ఏలుండంగ."

ఆమె ఫోను తీసుకుని తాను పుట్టిన సంవత్సరం కొట్టింది. కాదంది. కొడుకుది కొట్టింది. కాదంది. "ఇంకొక్కసారి తప్పితే ఊకుంటదో లేదో," అంటూ నావైపు చూసింది. "ఆల్లు పొయ్యుంటరు బాపమ్మా. నాకు ఇదొక్కటే ఉండె."

"ఇటియ్యి," అన్నాను.

పెళ్లయిన కొత్తలో ఆయన భూగర్భ గనిలో చేసేవాడు. లోపలికి దిగేవాడికి దీపం ఇస్తారు, ఆ దీపానికో నంబరు ఉంటుంది. ఒకరోజు లోపల పైకప్పు కూలిందని పుకారు వచ్చి ఆడవాళ్లమంతా గేటు దగ్గరికి పరుగెత్తాం. పైకి వచ్చినవాళ్ల పేర్లు చదువుతారనుకున్నాను. గుమాస్తా దీపం నంబర్లు చదివాడు. నాకు ఆయన నంబరు తెలియదు. ఆయన నల్లటి ముఖంతో ఎదురుగా వచ్చి నిలబడేదాకా అక్కడే ఉన్నాను. ఆ సాయంత్రం పలక తెప్పించి ఆయన చేతనే ఆ నాలుగంకెలు రాయించుకుని, పది వరుసలు దిద్దాను. బడిలో నేర్చిన చదువు చాలావరకు పోయింది. అది పోలేదు.

ఆ అంకెలు ఇక్కడ రాయను. వేళ్లు వాటంతటవే కొట్టాయి. ఫోను తెరుచుకుంది.

"ఎట్ల తెలుసు?" అంది మనుమరాలు.

"ముందు నీ పని చూసుకో."

ఆమె నెట్టు కలుపుకుని మళ్లీ ఇంటర్వ్యూలోకి వెళ్లేసరికి ఒక మగ గొంతు వెళ్లిపోయింది. మిగిలిన ఆయన ఏదో అడిగాడు, గొంతులో కోపం ఉంది. ఆమె జవాబు చెప్పింది. బ్లాస్టింగ్ అన్న మాట, గ్రాండ్‌మదర్ అన్న మాట వినబడ్డాయి. ఆయన నవ్వాడు. నమ్మని నవ్వు ఎట్లా ఉంటుందో తెలుసుకోవడానికి ఇంగ్లీషు రానక్కర్లేదు.

అప్పుడు పేలింది. కాళ్ల కింద నేల ఒక్కసారి ఎత్తినట్టయింది, కారు అద్దాలు గజగజలాడాయి. గుట్ట వెనక నుంచి దుమ్ము లేచింది. లాప్‌టాప్‌లో రెండు గొంతులూ ఒక్కసారే, "వాట్ వాజ్ దట్?" అన్నాయి. అది మాత్రం నాకు అర్థమైంది.

"అదే సార్," అంది మా పిల్ల, తెలుగులోనే.

ఆ తర్వాత వాళ్లు అరగంట మాట్లాడారు. సగంసేపు గని గురించే అడిగారట. ఈలోగా, పేల్చడం అయిపోయిందని రెండో సైరన్ మోగింది, జెండా ఆయన దారి వదిలాడు. జెండా దాటుతుంటే, "పెద్దమ్మా, భయపడ్డవా?" అన్నాడు. లేదన్నాను. నిజమే.

పది రోజులకు ఉద్యోగం వచ్చిందని ఉత్తరం వచ్చింది, లాప్‌టాప్‌లోకే. కొడుకు మిఠాయి తెచ్చాడు. సంతోషపడాల్సిన విషయమని నాకు తెలుసు. ఒక ముక్క తిని, మిగతాది చీమలు పట్టకుండా డబ్బాలో పెట్టాను.

కొత్త పని మొదటి వారం ఆమె మా ఇంటి నుంచే చేసింది. ఇంట్లో కూడా తాత ఫోనే బాగా అందుతోందని దాన్నే పెట్టుకుంది. రీచార్జి ఆఖరి రోజు అది. మధ్యాహ్నం సైరన్ మోగింది. ఫోను బల్ల మీద ఉంది. నా చేయి దాని మీదికి వెళ్లి ఆగింది.

"బంజెయ్యాల్నా?" అన్నాను.

ఆమె చెవుల్లోవి తీయకుండానే తల అడ్డంగా ఊపింది. "వద్దు బాపమ్మా. మీటింగ్ల ఉన్న."

మా ఇంట్లో ఇన్నేళ్లలో మొదటిసారి సైరన్ అయ్యేదాకా ఫోను వెలిగే ఉంది. నా చేతులకు ఏం చేయాలో తోచలేదు. కిటికీ తెరిచి, అల్మారలోని గిన్నెలు ఒక్కొక్కటే కింద పెట్టాను, చప్పుడు కాకుండా.