సర్వర్ బిజీ అన్న రోజు

వనపర్తిలో నేను ఇంటర్నెట్ సెంటర్ నడిపిన నాలుగేళ్లూ నన్ను కాపాడింది ఒకే ఒక్క అబద్ధం. "సర్వర్ బిజీ." టీ తాగాలనిపిస్తే సర్వర్ బిజీ. వచ్చినవాడి మొహం నచ్చకపోతే సర్వర్ బిజీ. సర్వర్ అంటే హైదరాబాద్‌లో కూర్చున్న ఎవరో పెద్ద ఆఫీసరు అనుకునేవాళ్లు జనం. నేనూ కాదనలేదు.

నాకు కోపం ముక్కు మీదే ఉండేది. ఉండదా మరి! షట్టర్ ఎత్తిన దగ్గర్నుంచి ఒకటే లొల్లి. హాల్ టికెట్ మసకగా వచ్చిందని ఒకడు, ఫోటోలో నల్లగా పడ్డానని ఇంకొకడు, వాళ్ల మొహం నేను తయారు చేసినట్టు. అలాంటి రోజుల్లో దొరికింది నాకు ఆ ఆట.

కొట్టుకోవడం, కాల్చుకోవడం లేని ఆట అది. తెర మీద ఒక గది. తలుపుకు తాళం. ఒక సోఫా, ఒక పూలకుండీ, గోడకు ఒక బొమ్మ. వెనక సన్నగా సంగీతం. తివాచీ మూల లేపితే స్క్రూడ్రైవర్ దొరుకుతుంది. దానితో బొమ్మ వెనక పలక విప్పితే నాలుగు రంగులు కనిపిస్తాయి. అదే వరుసలో బటన్లు నొక్కితే సొరుగు తెరుచుకుంటుంది. ఎవరూ తరమరు. టైమైపోయిందని ఎవరూ బెదిరించరు. బయటపడడానికి కావలసినవన్నీ ఆ నాలుగు గోడల మధ్యే ఉన్నాయన్న భరోసా ఉంటుంది చూడండి, డీఎస్సీ రెండుసార్లు తప్పినవాడికి అదెంత హాయో చెప్పలేను. చివర్లో తలుపు కిర్రుమని తెరుచుకుంటే ప్రాణం లేచొచ్చేది. ఒక్కటే చిక్కు, మధ్యలో పేజీ మూస్తే మళ్లీ మొదటికే.

ఆ రోజు పన్నెండున్నరకు పాన్‌గల్ నుంచి ఒకాయన వచ్చాడు. పల్లి పండించే రైతు. అంతకుముందు ఏడాది ఆయన బిడ్డ కులం సర్టిఫికెట్ ఫారం నేనే నింపాను. ఆ నమ్మకంతో నేరుగా నా దగ్గరికే వచ్చాడు. ఇంజనీరింగ్ సీటుకు ఏయే కాలేజీలు కావాలో ఇంటర్నెట్‌లో పెట్టాలి. అదే ఆఖరు రోజు, సాయంత్రం ఐదు దాకే గడువు.

"బిడ్డకు అమ్మవారు పోసింది సారూ, మంచం దిగుతలేదు. గీ కాయితంల అన్నీ రాసిచ్చింది. పాలమూరు కాలేజి ముందు పెట్టుమన్నది. ఆడ మా చెల్లె ఇల్లుంది. గదైతెనే పంపుత. వేరే దూరం నేను పంప."

అప్పటికి తెర మీది నా గదిలో ఒక్క అంకెల తాళమే మిగిలింది. నేను తల కూడా తిప్పలేదు.

"సర్వర్ బిజీ ఉంది కాకా. జర బయట కూసో."

"వేరే సెంటర్ల అడగాల్నా మరి?"

"యాడికి పోయినా గంతే. అందరికీ ఒక్కటే సర్వర్."

ఆ రెండో మాట అనకపోయినా బాగుండేది. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకుని, అద్దాల తలుపు అవతల బెంచీ మీద కూర్చున్నాడు. ఆ నెలంతా రెండింటి నుంచి ఆరింటి దాకా కరెంటు కోత. ఆ సంగతి నాకు తెలుసు. ఇంకా గంటన్నర ఉంది, ఆయన పని పది నిమిషాలది, అనుకున్నాను. మధ్యలో రెండుసార్లు తలుపు సందులోంచి "అయితదా సారూ?" అని అడిగాడు. "చూస్తున్న కాకా" అన్నాను. చూస్తూనే ఉన్నాను నిజానికి, పూలకుండీ కిందా, సోఫా వెనకా.

కరెంటు పోయింది. యూపీఎస్ కుయ్ కుయ్‌మంది. ఇంకో పది నిమిషాలు నడుస్తుంది. అవి ఆయన పది నిమిషాలు. ఆ మాట నాకు అప్పుడే తట్టింది, తర్వాత కాదు. కానీ ఆ ఆఖరి తాళం అంకె దొరికినట్టే అనిపించింది. ఒక్క నిమిషం, ఒక్క నిమిషం అనుకుంటూ నొక్కాను. తలుపు కిర్రుమంది. నేను బయటపడ్డానని తెర మీద అక్షరాలు వచ్చాయి. అంతలోనే తెర నల్లబడింది.

జనరేటర్ ఉన్న సెంటర్ ఊళ్లో ఒక్కటే. ఇద్దరం ఉరికాం. అక్కడ జాతరలా ఉన్నారు జనం. ఆయన వంతు రాకముందే ఐదయింది.

"పాడు సర్వర్ పాడుగాను!" అని తల కొట్టుకున్నాడు. తర్వాత నా మొహం చూసి జాలిపడ్డాడు. "నీ తప్పేముంది సారూ, నువ్వెందుకు పరేషాన్ అయితవ్?"

దసరా ముందు మళ్లీ వచ్చాడు, ఈసారి బిడ్డతో. ఆ పిల్ల బుగ్గల మీద మచ్చలింకా పోలేదు. రెండో విడతలో చూసేసరికి పాలమూరు సీట్లు అయిపోయాయట. వనపర్తిలోనే డిగ్రీలో చేర్పించాడు. స్కాలర్‌షిప్ ఫారం నింపాలన్నాడు. సంచి నిండా పచ్చి పల్లికాయ తెచ్చి నా బల్ల మీద పెట్టాడు.

"గీ సారేనమ్మా నేను చెప్పింది. ఆ దినం నీ సీటు కోసం ఎంత కొట్లాడిండనుకున్నవ్! అద్దంలకెళ్లి చూస్తనే ఉన్న. రెప్ప కొట్టలే, బువ్వ తినలే. గంటన్నర ఆ సర్వర్‌తోని కొట్లాడిండు."

ఆ పిల్ల చేతులు జోడించి "థ్యాంక్స్ సార్" అంది.

చెప్పేద్దామనుకున్నాను, ఒట్టు. 'నేను ఆట ఆడుకున్న కాకా' అంటే అయిపోయేది. సిగ్గు అడ్డం వచ్చింది. సిగ్గు కూడా కాదు, ఆయన కళ్లల్లో ఆ మంచివాడు పోతాడని భయం. పేరు ఎలా రాయాలని మాత్రం అడిగి, తల వంచుకుని టైపు చేశాను.

ఫారం పది నిమిషాల్లో అయిపోయింది.

"సూసినవా బిడ్డా, ఇయ్యాల సర్వర్ మంచిగున్నది" అన్నాడాయన.

"అవును కాకా" అన్నాను. "ఇయ్యాల మంచిగుంది."