పత్తి కుప్పలో చేయి

మొన్న ఆదివారం, ఏడాది దాటిన మా పాప బాల్కనీలో చుట్టచుట్టి పెట్టిన నల్లటి నీళ్ళ పైపును మొదటిసారి చూసింది. చూసి ఏడవలేదు, దాని మీదికి పాకనూ లేదు. మెడ తిప్పి నా ముఖం వంక చూసింది. ఆ చూపు నాకు ఆదోని మార్కెట్ యార్డును, అక్కడ పత్తి కుప్ప ముందు చేయి చాచి ఆగిపోయిన మా మామను గుర్తుకు తెచ్చింది.

నాతోపాటు పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా చదివినవాళ్ళకు జ్ఞాపకం ఉండే ఉంటుంది, మొదటి ఉద్యోగం మనం ఎంచుకున్నది కాదు, దొరికినది. నాకు ఆదోనిలో ఒక జిన్నింగు మిల్లు దొరికింది. పత్తి నుంచి గింజను వేరుచేసే యంత్రాలకు నూనె పెట్టడం, బెల్టులు మార్చడం, రోలర్లు శుభ్రం చేయడం నా పని. మా అమ్మ తమ్ముడు, అంటే మా మామ, అదే మిల్లుకు యార్డులో పత్తి కొనేవాడు కనుక ఆయన ఇంట్లోనే ఉన్నాను. ఆ ఇంట్లో మామ, అత్త, మా అవ్వ ఉండేవాళ్ళు. ఆదివారమైతే ఎమ్మిగనూరు నుంచి అత్త వాళ్ళన్న వచ్చేవాడు. ఆయన అక్కడి బీఎడ్ కాలేజీలో మనస్తత్వ శాస్త్రం చెప్పేవాడు.

యార్డులో పత్తి కొనడానికి కన్ను చాలదు. కుప్ప పైన ఎప్పుడూ తెల్లగా, పొడిగా, చూడముచ్చటగానే ఉంటుంది. తూకం పెరగడానికి కొందరు లోపల నీళ్ళు చల్లుతారన్నది అమ్మేవాళ్ళకూ కొనేవాళ్ళకూ తెలిసిన సంగతే, దాన్ని ఎవరూ పెద్ద పాపంగా ఎంచేవాళ్ళు కాదు, పట్టుకుంటే ధర తగ్గేది, పట్టుకోకపోతే లేదు. కాబట్టి కొనేవాడు చొక్కా చేయి పైకి మడిచి కుప్ప కడుపులోకి మోచేతిదాకా దింపి, అక్కడి పత్తిని పిడికిలితో లాగి చూడాలి. ఆ పనిలో మా మామకు యార్డంతా పేరు.

ఒకనాడు పెద్దకడుబూరు నుంచి వచ్చిన ఒక రైతు కుప్పలో మామ అలాగే చేయి దింపాడు. ఆ రైతును అందరూ భాయ్ అనేవాళ్ళు. కుప్ప లోపల తడి ఉంది, ఆ తడిలో చల్లగా, నున్నగా, పొడుగ్గా ఏదో చేతికి తగిలింది. మామ చేయి కదపకుండా ఆగాడు. పక్కనున్న ఇంకో మిల్లు మనిషి ఆ ముఖం చూసి, తన కళ్ళు ఇంతలు చేసుకుని, పామని కేక పెట్టాడు. యార్డు యార్డంతా పరుగెత్తింది. తరవాత హమాలీలు కుప్పను తిరగేస్తే దొరికింది చేతి పొడవు డ్రిప్పు పైపు ముక్క. అందరూ కడుపుబ్బ నవ్వారు. మామ కూడా నవ్వాడు గానీ, మర్నాడు మరో కుప్ప దగ్గర ఆయన చేయి మణికట్టు దాటి లోపలికి పోలేదు.

ఇది మొదట తెలిసింది నాకే. తడి పత్తి రోలరుకు చుట్టుకుంటుంది, యంత్రం ఆపి కత్తితో కోసి తీయాలి. అంతకు ముందు అరుదుగా వచ్చే ఆ పని రోజూ రాసాగింది. త్వరలోనే మిల్లు యజమాని శెట్టికీ తెలిసింది. ఆయన కోపంగా మాట్లాడే మనిషి కాదు. తెల్ల పంచె సర్దుకుంటూ, నెల ఆఖరుదాకా చూస్తాననీ, చేయి పెట్టలేని మనిషిని యార్డుకు పంపలేననీ చెప్పాడట. మామకు ఇంకో విద్య రాదు. ఆయన చదువంతా ఆ చేతిలోనే ఉంది.

ఆ ఆదివారం ఇంట్లో పంచాయితీ జరిగింది. పాము భయం మనిషికి పుట్టుకతోనే ఉంటుందనీ, దర్గాలో తాయెత్తు కట్టిస్తే తప్ప పోదనీ అవ్వ పట్టుపట్టింది. అత్త వాళ్ళన్న ఒప్పుకోలేదు. భయం నేర్చుకున్నదే, నేర్చుకున్నదాన్ని మరిపించవచ్చన్నాడు.

"కోడిపిల్లకు గద్దను సూసి దాక్కోమని ఎవరు నేర్పినారు సారూ? మీ కాలేజీలో సేరిందా?" అంది అవ్వ.

సారు నవ్వి, ఆ వాదం తనది కాదు, వందేళ్ళకు పైగా నడుస్తున్నదని చెప్పి, అన్నం తింటూ నాకు ఆ చరిత్ర చెప్పాడు. జీవులన్నీ మారుతూ వచ్చాయని తేల్చిన ఇంగ్లండు పెద్దాయన శరీరం దగ్గర ఆగలేదట. మనసు కూడా అలాగే మారుతూ వచ్చి ఉంటుందనీ, ఎప్పటికైనా మనస్తత్వ శాస్త్రం ఆ పునాది మీద నిలబడుతుందనీ రాశాడట. కోతి ముఖంలోని కోపానికీ మనిషి ముఖంలోని కోపానికీ చుట్టరికం వెతికాడట. ఆయన వెనక వచ్చినవాళ్ళు ఉత్సాహం పట్టలేక, ఎవరూ నేర్పకుండా పుట్టుకతో వచ్చే గుణాలకు సహజాతాలని పేరు పెట్టి జాబితాలు వేశారు. పోట్లాడేది ఒకటి, కూడబెట్టేది ఒకటి, బిడ్డను సాకేది ఒకటి, అలా మనిషి ఏ పని చేసినా దానికొక సహజాతం దొరికేదాకా వేశారు. జాబితాలంటే ఇష్టమున్న నాకు ఆ ఘట్టం బాగా నచ్చింది. పేరు పెట్టడం వేరు, కారణం చెప్పడం వేరని సారు నా ఆనందం మీద నీళ్ళు చల్లాడు. విసుగెత్తిన తర్వాతి తరం ఆ జాబితాలన్నీ చించేసి, పుట్టిన బిడ్డ రాయని పలక అంది. తెల్ల ఎలుకను చూపిస్తూ పెద్ద చప్పుడు చేస్తే పసివాడు ఆ ఎలుకకు కూడా భయపడతాడని చేసి చూపించింది. సారు చదువుకున్నది ఆ పలక కాలపు పుస్తకాలే.

కాబట్టి ఆయన వైద్యం పలక వైద్యం. మొదట గిన్నెలో పత్తి పెట్టి వేళ్ళు పెట్టించాడు, తర్వాత దిండులో, తర్వాత గంపలో, తర్వాత అత్త తెప్పించిన నిండు గోతాంలో. మామ భుజందాకా చేయి దింపి నవ్వేవాడు. రెండో చేతికి అవ్వ తాయెత్తు కట్టనే కట్టింది. యార్డుకు పోతే మాత్రం చేయి మళ్ళీ మణికట్టు దగ్గర ఆగేది. చుట్టూ హమాలీలు చూస్తూ ఉండేవాళ్ళు. "సూస్కోప్పా, బుస్సంటాది!" అని ఒకడనేవాడు.

"పాము నేను సూడలేదు అల్లుడా," అన్నాడు మామ ఇంటికి వస్తూ. "ఆ కేకేసినోని మొగం సూసినా. కుప్ప ముందర నిలబడితే ఆ మొగమే వస్తాది."

ఈ మాట సారుకు చెప్పాను. పై వారం వచ్చి, మిగతా చరిత్ర చెప్పాడు. పలక వాదం నడుస్తుండగానే వేరే చోట పక్షులను గమనించేవాళ్ళు, గుడ్డులోంచి వచ్చిన బాతుపిల్ల మొదట కదిలినదాని వెంట పోవడం ఎవరూ నేర్పనిదని చూపించారట. తర్వాత ఇంకో సంగతి బయటపడింది. పామును ఎన్నడూ చూడకుండా పెరిగిన కోతి పాముకు భయపడదు, కానీ భయపడే ఇంకో కోతిని చూస్తే చప్పున నేర్చుకుంటుంది. అదే పద్ధతిలో పువ్వును చూపించి భయం నేర్పబోతే నేర్చుకోదు. అంటే పలక ఖాళీ కాదు, కొన్ని గీతలు ముందే ఉన్నాయి, వాటి మీద ఎవరి ముఖమో అక్షరం దిద్దిస్తుంది. ఇప్పటివాళ్ళు మనది ఇంకా రాతియుగపు మనసేనని దీన్ని ఇంకా దూరం లాగుతున్నారనీ, మళ్ళీ పాత జాబితాల ధోరణి కనిపిస్తోందనీ, కథ అల్లడం తేలిక, రుజువు కష్టమనీ కూడా అన్నాడు.

"ఇంతదూరం తిరిగి నా కోడిపిల్ల కాడికే వచ్చినావు గదా సారూ," అంది అవ్వ.

"సగం దూరమే వచ్చినానమ్మా. మిగతా సగం ఆ మొగానిది," అన్నాడాయన.

నెలాఖరు వచ్చింది. శెట్టి గుమాస్తాను పంపాడు, మామ చేతిని చూసి రమ్మని. మిల్లులో యంత్రం ఆగి ఉన్నందున నేనూ వెళ్ళాను. ఆ రోజు పెద్దకడుబూరు భాయ్ మళ్ళీ పత్తి తెచ్చాడు. పైపు సంగతి అందరికీ తెలిసినా ఆయన సరుకుకు పాము పత్తి అని పేరు పడి, సరైన ధర రావడం లేదు. భార్య ఆసుపత్రికి పోయినందున మూడేళ్ళ కూతురిని వెంట తెచ్చుకున్నాడు. ఆ పిల్ల కుప్ప మీదికెక్కి నడుందాకా కూరుకుపోయి, పత్తి ఎగరేసుకుంటూ ఆడుకుంటోంది.

మామ కుప్ప ముందు నిలబడ్డాడు. చేయి చాచాడు. ఆగాడు. హమాలీలు గుసగుసలు మొదలుపెట్టారు. ఆ పిల్ల ఆయన్ను చూసి, తన చేయి చంకదాకా పత్తిలో ముంచి, పిడికెడు లాగి, ఇదిగో అన్నట్టు ఆయన ముందుకు చాపి పకపక నవ్వింది. మామ ఆ ముఖాన్నే చూస్తూ మోకాళ్ళ మీద కూర్చున్నాడు. చూపు తిప్పకుండానే చేయి దింపాడు. మణికట్టు దాటింది, మోచేయి దాటింది. కాసేపు లోపలే ఉంచాడు. తీసి, పిడికిలి విప్పి, వేళ్ళ మధ్య నొక్కి చూశాడు.

"భాయ్, పాము లేదు. నీళ్ళుండాయి."

"అరే అన్నా, రాత్రి మంచు పడింది!"

"మంచు పైన పడతాది గానీ కడుపులో పడతాదా?"

యార్డు గొల్లున నవ్వింది. భాయ్ నెత్తి కొట్టుకున్నాడు. "నా బిడ్డే నా కొంప ముంచె గదన్నా!" అంటూ ఆయనా నవ్వాడు. ధర తగ్గింది, కానీ పాము పత్తి అన్న పేరు ఆ పూటతో పోయింది. గుమాస్తా శెట్టికి ఏం చెప్పాడో తెలియదు. మర్నాడు మామ ఎప్పటిలాగే చొక్కా చేయి మడిచి యార్డుకు పోయాడు.

తాయెత్తు పనిచేసిందని అవ్వ, గిన్నె నుంచి గోతాందాకా తాను వేయించిన మెట్లు పనిచేశాయని సారు, శెట్టి గడువు పనిచేసిందని అత్త వాదించుకున్నారు. అన్నింటినీ ఒకేసారి మార్చిన ప్రయోగంలో దేని ఫలితం ఏదో తేలదని నేను చదివిన చదువు చెబుతుంది. నేను ఎవరి పక్షమూ తీసుకోలేదు.

ఇప్పుడు అవ్వ లేదు. సారు రిటైరై ఎమ్మిగనూరులోనే ఉన్నాడు. యార్డులో కుప్పలోకి సూదిలాంటి మీటరు గుచ్చితే తడి ఎంతో అంకె వస్తుంది. అది తప్పు చెప్పదు, దానికి భయం లేదు, దాని కోసం ఎవరూ చొక్కా చేయి మడవరు. మామ పని మానేశాడు. నిరుడు వచ్చిన కుర్రవాళ్ళకు ఆయన పేరు కూడా తెలియదట.

మొన్నటి ఆదివారం మామ కర్నూలులో మా ఇంట్లోనే ఉన్నాడు, పెళ్ళికి వచ్చి. పైపు ముందు పాప నా వంక చూసినప్పుడు ఏ ముఖం పెట్టాలో నాకు వెంటనే తోచలేదు. అంతలో వంటింట్లో కొత్త బియ్యం బస్తా విప్పారు. అటువైపు పోతున్న మామ ఎవరూ అడగకుండానే చొక్కా చేయి మడిచి, బస్తాలోకి మోచేతిదాకా దింపి, అడుగునున్న బియ్యం పిడికెడు తీసి వాసన చూశాడు. పాప పైపును వదిలి అటు పాకింది. ముందు ఆయన ముఖం చూసింది. తర్వాత తన చేయి పెట్టింది.